చిల్లుల బస్తా

కొల్లేటి గట్టున ఓ ఊళ్లో చేపల చెరువు కాపలా కాసే కుర్రాడొకడు కుందేళ్లు పెంచేవాడు. తల్లి పాలు అప్పుడే మానిన కూనలు ఆరు చేతికొచ్చాయి. ఇంట్లో నాయనమ్మ గుండెకు మంచిదని రోజూ అవిసె గింజల కారప్పొడి తినేది. మనిషికి అంత మేలు చేసేది కూనలకి పెడితే ఇంకెంత బలమో అనుకున్నాడు వాడు. తాడేపల్లిగూడెం వెళ్లినప్పుడు రెండు కిలోలు కొని, మొత్తం ఒక్కసారే మరాడించి డబ్బాకెత్తాడు. మర్నాటి నుంచి తవుడులో గుప్పిళ్లతో కలిపి పెట్టాడు. కూనలు ఆబగా తిన్నాయి, గడ్డి వంక చూడడం మానేశాయి. వాడు మురిసిపోయాడు.

నాలుగో రోజుకి పొట్టలు ఉబ్బాయి. పెంటికలు జిగురుజిగురుగా పడ్డాయి. చెవులు చల్లబడి తెల్లారేసరికి మూడు చచ్చిపోయాయి.

పక్కింటి అత్త కూనలదీ అదే ఈడు. అవీ అవిసె తింటున్నవే, బొచ్చు నిగనిగలాడుతూ గెంతుతున్నాయి. కుర్రాడు వెళ్లి గోడ దగ్గర నిలబడ్డాడు.

"అదే కొట్టు, అవే గింజలు. నీ వాటికి పడింది నావాటికెందుకు పడలేదత్తా?"

"చెరువులో తవుడెలా వేస్తావురా అబ్బాయీ?"

"బస్తాకి చిల్లులు పెట్టి కర్రకి కడతానత్తా. చేపలొచ్చి కావలసినంత లాక్కుంటాయి."

"ఒక్కసారే కుమ్మరించొచ్చుగా?"

"అమ్మో, మిగిలింది కుళ్లి నీళ్లు పాడైపోవూ!"

"కుందేలు కడుపూ చెరువేరా. నువ్వు కుమ్మరించావు. నేను ముందు గడ్డి పెట్టి, అది తిన్నాక చిటికెడు వేశాను. వారం చూసి ఇంకో చిటికెడు పెంచాను. అంతే."

కుర్రాడు మాట్లాడలేదు. ఇంటికెళ్లి మిగిలిన మూడింటి ముందు నుంచి తవుడు తీసేసి, నీడన వాడ్చిన పిల్లిపెసర పెట్టాడు.

నీతి: మేలుకి కొలత ఇచ్చేవాడి ప్రేమ కాదు, పుచ్చుకునేవాడి కడుపు.

అత్త మాట అక్షరాలా నిజం. కుందేలు పెద్దపేగు మొదట్లో పెద్ద సంచి ఒకటుంటుంది. పీచుని అక్కడ పులియబెట్టేది కోట్లాది సూక్ష్మజీవులు. అలా తయారైన మెత్తని పెంటికల్ని కుందేలు మళ్లీ తానే తిని వాటిలోని బలాన్ని పుచ్చుకుంటుంది. నాలుగైదు వారాలకి పాలు మాన్పించిన కూనకి ఈ సంచి ఇంకా కుదురుకోని వయసు. గడ్డి తగ్గి మేత ఒక్కసారిగా మారితే చెడ్డ సూక్ష్మజీవులు పైచేయి సాధిస్తాయి. పాలు మానిన తర్వాతి రెండు వారాల్లోనే కూనలు ఎక్కువగా పోవడానికి కారణమిదే.

అవిసెలో తప్పేమీ లేదు. గింజలో 40 శాతం దాకా నూనె, అందులో సగానికి పైగా ఒమేగా-3. ఆవు తింటే నెమరు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ నూనెలో చాలాభాగాన్ని మార్చేస్తాయి. కుందేలుకి మాత్రం ఆ సంచికి చేరేలోపే చిన్నపేగు పీల్చుకుంటుంది, మాంసంలోకీ చేరుతుంది. దాణాలో నూటికి 3 పాళ్లు కలిపినా మాంసంలో ఒమేగా-3 పెరిగిందని ప్రయోగాల్లో తేలింది. అంత కొంచెం చాలు. పచ్చి గింజలో సైనైడు పుట్టించే పదార్థాలూ కొద్దిగా ఉంటాయి కాబట్టి గుప్పిళ్లతో పెట్టడం ఎప్పుడూ మంచిది కాదు. మరాడించిన పొడి గాలి తగిలితే ముక్కిపోతుంది. డబ్బాలో నిలవ ఉంచడం ఆ కుర్రాడు చేసిన రెండో పొరపాటు.

కుందేళ్లు పెంచే ఏలూరు, కైకలూరు వైపు రైతులకి నా మనవి: ముందు గడ్డి, తర్వాతే గింజ. ఏ రోజుకి కావలసింది ఆ రోజే దంచండి. పాలు మానిన కూనల్ని రెండు వారాలు గడ్డి మీదే కుదురుకోనివ్వండి. ఒక్క కూన మేత మానేసినా గింజ ఆపి, ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి. గన్నవరంలో పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉంది.