ఆ సీసా మీద నాకెందుకంత ఆశ?

యాభై దాటిన మగవాడు ఒంట్లో బాధలన్నీ చెప్పుకుంటాడు, ఒక్కటి తప్ప. నాకు ఏళ్ళ తరబడి షుగరు ఉంది. మూడు నెలలకోసారి డాక్టరు ముందు కూర్చుని అరికాళ్ళ తిమ్మిర్లు, కంటిచూపు, రాత్రిళ్ళు ఒంటేలుకు లేవడం అన్నీ పూసగుచ్చినట్టు చెప్తాను. అంగం సరిగా స్తంభించడం లేదన్న మాట మాత్రం చాలాకాలం గొంతు దాటి రాలేదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. గుండెకు రక్తం ఎలా వెళ్తుందో బోర్డు మీద రంగుసుద్దలతో గీసి చూపించినవాణ్ణి. ఆ రక్తమే నా ఒంట్లో ఇంకో చోటికి సరిగా వెళ్ళడం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అలాంటి రోజుల్లో మా అక్క మొగుడు ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. నేను పైకి ఏమీ చెప్పలేదు గానీ ఎలాగో పసిగట్టాడు. "వట్టి ఆకులూ వేర్లే బావా, ఒంటికేం చెయ్యదు. అరగంటలో తేడా నీకే తెలుస్తుంది" అన్నాడు. బీరువాలో పంచెల మడతల కింద దాచాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి, చీటీ చదివి, మళ్ళీ అక్కడే పెట్టేవాణ్ణి. పరుగెత్తే గుర్రం బొమ్మ, పక్కన ఆకుపచ్చ ఆకు. అశ్వగంధ, సఫేద్ ముస్లీ, పల్లేరు కాయలు, దూలగొండి గింజలు, శిలాజిత్తు, కుంకుమపువ్వు. ఏది ఎంత వేశారో లేదు. లైసెన్సు నంబరు లేదు. తయారీదారు చిరునామాలో ఊరి పేరు కూడా లేదు. చదివిన ప్రతిసారీ ఈ లోపాలు కంటబడుతూనే ఉన్నాయి, నా ఆశ మాత్రం తగ్గలేదు. ఆ ఆశ ఎక్కణ్ణుంచి పుట్టిందో నాకు నేను తేల్చుకోవాలనిపించింది.

ముందు తట్టింది మా బావ మాటలోని మెలిక. ఒంటికేమీ చెయ్యదట, అరగంటలో పనిచేస్తుందట. నరాల్లో, రక్తనాళాల్లో అరగంటలో మార్పు తెచ్చే పదార్థం మిగతా ఒంటిని ముట్టకుండా ఎలా పోతుంది? రెంటినీ కలిపి నమ్మాను, ఎందుకంటే రెండూ నాకు కావాలి. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. పార్కిన్సన్స్ జబ్బుకి డాక్టర్లు రాసే మందు అది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మందు కాదనుకోవడం జీవశాస్త్రం చదివినవాడికి తగిన మాట కాదు.

అరగంట సంగతి ఇంకా లోతైనది. ఆ లేబుల్ మీదున్న మూలికలు ఏవీ అంత వేగంగా పనిచేసేవి కావు. అంత వేగం వయాగ్రాలోని సిల్డెనాఫిల్‌ది. అమెరికాలో 2007 నుంచి 2016 దాకా అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మందులు రహస్యంగా కలిపిన సప్లిమెంట్లని 776 ఉత్పత్తుల గురించి హెచ్చరించింది. వాటిలో 353 లైంగిక శక్తి పేరుతో అమ్మినవే. వాటిలో ఎక్కువగా దొరికిన మందు సిల్డెనాఫిల్. డాక్టరు రాసిస్తే అది మంచి మందే, మన దగ్గర జెనరిక్‌గా చవగ్గానే దొరుకుతుంది. ఎంత మోతాదు ఉందో తెలియకుండా, అసలు ఉందనే తెలియకుండా మింగడంలోనే ప్రాణం మీదికి వచ్చేది. గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలతో అది కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా కూలిపోతుంది. గుండెనొప్పితో ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరు ఏం వేసుకున్నారని అడుగుతాడు. ఆకుల మందని చెప్తాం. దాంతో ఆయన కూడా నైట్రేటే ఇవ్వొచ్చు.

సింగపూర్‌లో 2008లో జరిగింది చదివాక నాకు నిద్ర పట్టలేదు. షుగరు జబ్బే లేని 150 మంది రక్తంలో చక్కెర అడుగంటి ఆసుపత్రుల్లో చేరారు. లైంగిక శక్తికని దొంగచాటుగా అమ్మిన మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ కలిసింది. అది షుగరు మాత్ర. నలుగురు చనిపోయారు. అలాంటి మందుల జాబితాలో మూలికలని చెప్పి అమ్మినవీ ఉన్నాయి. నేను రోజూ షుగరు మాత్రలు మింగేవాణ్ణి. వాటిపైన ఇలాంటిది పడితే ఏమయ్యేదో ఊహించడానికి నాకు పెద్ద చదువేమీ అక్కర్లేదు.

ఇక ఏ కల్తీ లేని అచ్చమైన మూలికల మాట. ఆయుర్వేదాన్ని చులకన చేసే ఉద్దేశం నాకు లేదు. దాని ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. చరక సంహిత చికిత్సాస్థానంలో రసాయనం తర్వాతి అధ్యాయం అదే. అందులో పాలు, నెయ్యి, మినుముల్లాంటి ఆహారం ఉంది, ముందుగా ఒంటిని శుద్ధి చేసుకోవడం ఉంది, మనసుని కట్టడిలో పెట్టుకోవడం ఉంది. అరగంట మాట నాకెక్కడా కనపడలేదు. పరీక్షల ఫలితాలు చూస్తే, ఇదే పనికని అమ్మే జిన్సెంగ్ వేరు మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2021లో కోక్రేన్ సంస్థ సమీక్షించి, అంగస్తంభనపై దాని ప్రభావం నామమాత్రమేనని తేల్చింది. అశ్వగంధ వీర్యకణాలను పెంచిందని చిన్న చిన్న అధ్యయనాలున్నాయి. అది వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. పని చేసిందని మా బావ చెప్పింది అబద్ధమని నేననను. సిల్డెనాఫిల్‌ను మొదట్లో పరీక్షించిన 1998 నాటి అధ్యయనంలో, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ నూటికి పాతికమంది మెరుగైందని చెప్పారు. నమ్మకానికి అంత బలముంది. ఆ నమ్మకాన్నే సీసాల్లో పోసి అమ్ముతున్నారు.

లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను 1954లోనే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. బస్టాండు గోడల మీద పోస్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు సినిమాకి వెళ్తూ వాటిని దొంగచూపులు చూసేవాళ్ళం. నరాల బలహీనత, మగతనం, చివరి అవకాశం. ఆ అక్షరాలు నాలో అప్పుడే దిగిపోయాయనుకుంటాను. డిగ్రీ చదివినా, పాతికేళ్ళు పాఠాలు చెప్పినా అవి చెరగలేదు. మగవాడినన్న నా లెక్క మొత్తం ఒకే అవయవం మీద నిలబెట్టుకున్నాను. అది తడబడితే నేనే లేనన్నట్టు బతికాను. మా ఆవిడ పక్కన పడుకుని అలిసిపోయానని నెపాలు చెప్పిన రాత్రులు గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. ఒకరోజు ఆవిడే అడిగింది: "నా మీద కోపమా అండీ?" తనలోనే ఏదో లోపముందని ఆమె అన్నాళ్ళూ కుమిలిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. ఆ సీసా నాకు ఎరగా చూపింది ఏమిటో అప్పుడు అర్థమైంది. అది కొంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, డాక్టరుతో, ఆవిడతో, చివరికి నాతో నేను కూడా.

డాక్టరుకి మా అబ్బాయి వయసుంటుంది. "ఆ విషయంలో నాకు ఇబ్బందిగా ఉందండీ, కొన్నాళ్ళుగా" అన్నాను, అంతే. ఆయన కలం కింద పెట్టి, ఏమైనా వాడుతున్నారా అని అడిగాడు. సీసా సంగతి చెప్తే తెచ్చి చూపించమన్నాడు, చూసి, వేసుకోవద్దన్నాడు. తర్వాత ఛాతీలో బరువుగా ఉంటుందా, మెట్లెక్కితే ఆయాసమొస్తుందా అని అడిగి ఈసీజీ, కొలెస్టరాలు పరీక్షలు రాశాడు. అంగానికి వెళ్ళే రక్తనాళాలు గుండెవాటికన్నా సన్నవి. పూడిక ముందు అక్కడ తెలుస్తుందట, గుండెనొప్పి కొన్నేళ్ళ తర్వాత రావచ్చట. నేను సిగ్గనుకుని దాచింది నా ఒళ్ళు ముందుగా చేసిన హెచ్చరిక కావొచ్చన్నమాట. పొగ మానడం, నడక, షుగరు అదుపు, బీపీ మాత్రల్లో ఒకటి మార్చడం, ఆ తర్వాతే మందు. మందు కూడా గుండె పరీక్షలయ్యాకే రాస్తానన్నాడు.

ఇంటికొచ్చే దారిలో మా బావ గుర్తొచ్చాడు. ఆయనకి స్టెంటు వేశారు, సార్బిట్రేట్ ఎప్పుడూ జేబులో ఉంటుంది. నాకిచ్చిన సీసా లాంటిదే తన దగ్గరా ఉంది. ఆ రాత్రే ఫోన్ చేశాను. డాక్టరుకి చెప్పడం కన్నా ఆయనకి చెప్పడమే కష్టమైంది. నైట్రేటు సంగతి, సింగపూర్ సంగతి అన్నీ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి డాక్టరుతో ఏమని మొదలుపెట్టావు బావా?" అని అడిగాడు. నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. సీసా కూడా వెంట పట్టుకెళ్ళమన్నాను.