డబ్బు కట్టాం కదా, వదిలేస్తే తప్పేంటి?

ఆఫీస్ క్యాంటీన్‌లో ప్లేట్ సగం వదిలేసిన ప్రతిసారీ నా లెక్క ఇదే. మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ పిల్లలతో ఓ ప్రకృతి వ్యవసాయ పొలానికి వెళ్లేదాకా అందులో తప్పు కనిపించలేదు.

ఎకరానికి సరిపడా జీవామృతం కలిపాం. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. ముక్కు మూసుకున్న పిల్లలే కాసేపటికి కలిపే కర్ర కోసం కొట్టుకున్నారు. తర్వాత వరిలో కలుపు తీశాం. అరగంటకే అందరికీ నడుములు పట్టేశాయి. (నాకైతే పది నిమిషాలకే!)

నేను కట్టిన డబ్బు బియ్యం ధరకి సరిపోతుంది. ఆ వంగిన నడుముకి, మట్టిలో వానపాము చేసిన పనికి ఎవరు కట్టారు?

తైత్తిరీయోపనిషత్తులో భృగువు మొదట అన్నమే బ్రహ్మమని తెలుసుకుంటాడు. ప్రాణం, మనసు, విజ్ఞానం దాటి ఆనందం దాకా వెళ్తాడు. ఇక అన్నంతో పనేముంది అనుకుంటాం కదా? ఉపనిషత్తు మాత్రం మళ్లీ అన్నం దగ్గరికే వస్తుంది: నిందించొద్దు, తోసేయొద్దు, బాగా పండించాలి. వీటిని వ్రతాలంటుంది. మొదటి రెండే కష్టం అనుకునే మనం మూడోదాని జోలికే పోలేదు.

ఆ మధ్యాహ్నం పిల్లలెవరూ మెతుకు వదల్లేదు. నా విస్తరిలో మిగిలిన పప్పన్నం చూసి ఒక పాప "అంకుల్, అది తినరా?" అంది.

తిన్నాను.