వేషము, వేషధారణ

క్రైస్తవ పాఠశాలలో పిల్లలకు నాటకము నేర్పవచ్చునా అని మన సంఘములలో కొందరు పెద్దలు అడుగుచున్నారు. వారి భయమును తీసివేయరాదు. ప్రభువు శాస్త్రులను, పరిసయ్యులను వేషధారులని గద్దించెను గదా! అచ్చట గ్రీకు సువార్తలోనున్న 'హుపోక్రితేస్' అను మాటకు నాటకములో వేషము కట్టువాడని కూడ అర్థము గలదు.

అయినను భేదము చూడుడి. క్రిస్మసు నాటకములో హేరోదు వేషము వేసిన బాలుడు ఎవరిని మోసగించుట లేదు. అతడు ఎవరి కుమారుడో చూచువారందరు ఎరుగుదురు. వీధుల మూలలయందు ప్రార్థించిన ఆ వేషధారులైతే, తమ వేషమే తమ నిజమని జనులను నమ్మింపజూచిరి. పాపము వేషములో లేదు, మోసములో నున్నది.

దేవుడే యెహెజ్కేలు ప్రవక్తచేత అభినయము చేయించెను. అతడు ఇటుకమీద యెరూషలేమును వ్రాసి, దానికి ముట్టడి వేసి, 390 దినములు ఎడమ ప్రక్కను, 40 దినములు కుడి ప్రక్కను పండుకొనవలసి వచ్చెను.

యూదా వేషమునకు పిల్లలెవరును ముందుకు రారు. వచ్చిన బాలుడు ముప్పది వెండి నాణెములను చేత పట్టుకొన్నప్పుడు, ద్రోహము తనకెంత దగ్గరగా నున్నదో తెలిసికొనును. ఆ రాత్రి శిష్యులు కూడ ఒక్కొక్కరుగా తమ్మును గూర్చియే అడిగిరి గదా.

అయితే ఉన్నవారి బిడ్డకు ఏటేట రాజు వేషమిచ్చి, కూలివాని బిడ్డను ఏటేట గొఱ్ఱెల కాపరిగానే నిలువబెట్టినయెడల, అచ్చట వేషధారులు పిల్లలు కారు, మనమే. ప్రియులారా, యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదివి, మనలను మనము పరీక్షించుకొందము.