గంజి పట్టిన పోగు

మా మంగంపేట ముగ్గురాయికి పేరుపడ్డ ఊరు. ఒకేచోట ఇంత బెరైటీస్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువుండే రాయి అది. పొడి చేసి ఓడలకెక్కిస్తే సముద్రాలు దాటిపోయి చమురు బావుల్లోకి దిగుతుంది. భూమి లోపలినుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని తన బరువుతో అణిచిపెడుతుంది. మా నాయన పని ఆ గనిలోనే. ఆయన తలగుడ్డ విదిలిస్తే రాలేది ఆ పొడి. గుమ్మం మీద, కిటికీ ఊచల మీద, ఆరేసిన బట్టల మీద అదే ఉండేది. బరువంటే ఏమిటో నాకు పుట్టిన ఊరు నేర్పింది. ఆ బరువును పదిమందీ ఎట్లా పంచుకుంటారో మాత్రం అవ్వగారి ఊరు నేర్పింది.

అవ్వది పుల్లంపేట. మాకు దగ్గరే. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచేవి. నేతగాళ్ల వీధిలో పొద్దున లేస్తే ముందు వినిపించేది మగ్గం చప్పుడు. గుంత మగ్గంలో కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్న మామ తొక్కుడు చెక్క తొక్కగానే పోగులు రెండు పాయలుగా విడిపోయేవి. ఆ సందులో నాడె అటునుంచి ఇటు పరిగెత్తేది. గడప పక్కన అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఒక చెయ్యి రాట్నం తిప్పుతుంటే రెండో చేతి వేళ్ల మధ్యనుంచి దారం జారిపోయేది. ఆమె చూపు మాత్రం వీధిలోనే ఉండేది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు పడుగు రోజు. ఇంకా చీకటుండగానే అవ్వ తట్టి లేపేది. "లెయ్ అబ్బీ, ఈపొద్దు మీ మామ పడుగు. ఎండెక్కితే ఆరిపోతాది." వీధి పొడుగునా ఆ చివరా ఈ చివరా కర్రలు నిలబెట్టి పడుగు చాపేవాళ్లు. ఒక చీర పడుగులో మూడు నాలుగు వేల పోగులుంటాయి. అవన్నీ వేటికవిగా, ఒకదాన్నొకటి అంటుకోకుండా, తెల్లటి వాన నేలకు సమాంతరంగా కురిసి ఆగిపోయినట్టు ఉండేవి. దానికి బియ్యపు గంజి పట్టించేవాళ్లు. ఇద్దరు మొగవాళ్లు పెద్ద కుంచెకు చెరో పక్క పట్టుకుని, అడుగులో అడుగు కలిపి, ఈ చివరినుంచి ఆ చివరికి లాగుతూ నడిచేవాళ్లు. ఒకడు తొందరపడితే కుంచె వంకర పోతుంది, పోగు తెగుతుంది. అందుకే ఆ ఇద్దరూ ఏదో ఒక మాట చెప్పుకుంటూనే నడిచేవాళ్లు. మాట ఆగకపోతే అడుగు తప్పదు.

తెగిన పోగులు వెతికి ముడివేసే పని ఆడవాళ్లది, పిల్లలది. మా కళ్లు చురుకు, వేళ్లు సన్నం. కనపడీ కనపడని ముడి ఎట్లా వెయ్యాలో అవ్వ నేర్పింది. పొడవు మిగిలితే పంటితో కొరికేయడం కూడా ఆమే నేర్పింది. ఆ పనికి ఎవరికీ కూలి లేదు. ఈరోజు మామ పడుగుకు వీధి వస్తుంది, రేపు వీధిలో ఇంకొకరి పడుగుకు మామ పోతాడు. ముయ్యి అంటారు దాన్ని మా వైపు. పడుగు ఎవరిదైతే వాళ్ల ఇంటినుంచి బొరుగులు, చెనిక్కాయ విత్తనాలు, పెద్దవాళ్లకు టీ వచ్చేవి. ఎవరింట్లో పెండ్లి కుదిరింది, ఎవరి ఆవు ఈనింది, ఎవరి బాకీ ఎంత పెరిగింది, అన్నీ ఆ రెండు గంటల్లోనే తెలిసేవి. ఎండ ఎక్కేసరికి పడుగు ఆరి, చుట్టుకుని లోపలికి పోయేది. వీధి మళ్లీ మామూలు వీధి అయ్యేది.

అంత అవస్థ పడి పట్టించిన గంజి ఏమవుతుందని ఒకసారి అవ్వనడిగాను. "ఏమైతాది? చీర కొన్నామె మొదటిసారి ఉతకంగానే నీళ్లలో పోతాది" అంది. నాకు బాధేసింది. వీధి వీధంతా చీకటితో లేచి చేసిన పని ఎవరో ఊరుకాని ఊర్లో బకెట్టు నీళ్లలో కరిగిపోతుందా? అవ్వ రాట్నం ఆపకుండానే ఇంకో మాట చెప్పింది: "అది లేకపోతే పోగు మగ్గం మీద ఒక్క పూట నిలవదు, అబ్బీ."

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట దగ్గరే తిరుగుతోంది నా ఆలోచన. పత్తి పోగు ఒంటరిగా నీరసమైనది. నాడె రాపిడికి, పోగులు దూరే అచ్చు ఒరిపిడికి నూగులేచి తెగిపోతుంది. గంజి దానికొక పొర కప్పుతుంది, మగ్గం మీది కష్టాన్ని ఓర్చుకునే బలమిస్తుంది. నేత పూర్తయ్యాక దాని పని అయిపోతుంది. తూకం వేసినా, వెల కట్టినా చివరికి గుడ్డలో మిగిలేది పడుగు, పేక. కలిసి పనిచేసేటప్పుడు మనుషులు పొందే సంతోషం కూడా అట్లాంటిదేనని నాకనిపిస్తుంది. కుంచె లాగుతూ చెప్పుకున్న కబురు, ముడి వేస్తూ నవ్వుకున్న నవ్వు, పంచుకున్న పిడికెడు బొరుగులు ఏ చీరలోనూ కనబడవు, ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కవు. అవి లేకుండా మాత్రం ఆ వీధిలో అన్నేళ్లు ఎవరూ మగ్గం మీద నిలిచి ఉండేవాళ్లు కాదు.

సంతోషాన్ని మనం పని తర్వాత దొరికే కూలిలాగా చూడడానికి అలవాటుపడ్డాం. పని ముగించు, అప్పుడు పండగ చేసుకో అంటాం. పడుగు రోజు చూసినవాడికి ఆ లెక్క కుదరదు. అక్కడ సంతోషం పనిలోపలే ఉంది, పోగుపోగుకూ పట్టి ఉంది.

పాత కాలపు నేత శ్రేణుల, అంటే నేతగాళ్ల సంఘాల, గురించి చదివినప్పుడు నేను ముందుగా వెతికేది ఈ గంజి జాడనే. అది ఎక్కడోగానీ దొరకదు. శాసనాల్లో దానాలుంటాయి, సుంకాలుంటాయి, కట్టుబాట్లుంటాయి. మందసౌర్ శాసనం ఒక్కటి వేరు. గుజరాత్ వైపు లాట దేశంనుంచి దశపురానికి, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌కు, వలసవచ్చిన పట్టు నేతగాళ్ల శ్రేణి ఒకటి సా.శ. 436 ప్రాంతంలో సూర్యుడికి గుడి కట్టించింది. దాదాపు 37 ఏళ్ల తర్వాత ఆ శ్రేణే దాన్ని బాగుచేయించింది. ఆ సంగతి చెప్పడానికి వత్సభట్టి అనే కవి శ్లోకాలు రాశాడు. గుడి సంగతితో ఆగకుండా ఆయన ఆ శ్రేణి మనుషులెట్లా బతికేవాళ్లో కూడా చెప్పాడు. కొందరికి విలువిద్య మీద మోజు, కొందరికి కథలు చెప్పడం మీద, కొందరికి ధర్మచర్చల మీద, కొందరికి జ్యోతిషం మీద. మరికొందరు తమ నేతలోనే ఆనందించేవాళ్లు. పదిహేను వందల ఏళ్ల కిందటి నేతగాళ్లు సాయంత్రాలు ఏం చేసేవాళ్లో రాతిమీద చెక్కి ఉండడం చూస్తే నాకు పుల్లంపేట వీధి గుర్తొస్తుంది. మా మామకు భజన పిచ్చి. పక్కింటాయనకు చెక్కభజన. ఎదురింటాయన రాత్రిళ్లు అరుగు మీద కూర్చుని కథ మొదలుపెడితే రాట్నాలు కూడా ఆగేవి.

కలిసి సంతోషపడితే కడుపు నిండుతుందా అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు దానికి జవాబు వెతికింది. కరువులు, అప్పులు నేతగాళ్ల నడ్డి విరిచిన ఆ నేలమీద 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం నెలకొల్పారు. నూలు సంఘం ఇచ్చేది, నేసిన గుడ్డ సంఘమే తీసుకుని అమ్మేది, మధ్యలో వడ్డీ వ్యాపారి చెయ్యి ఉండేది కాదు. ఎమ్మిగనూరు గుడ్డకు దూరప్రాంతాల్లోనూ పేరొచ్చింది. 1954లో సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఇట్లాంటి ఆలోచన ఇంకో నేలమీద అంతకుముందే మొలిచింది. స్కాట్లండులోని ఫెన్విక్ అనే పల్లెలో 1761లో నేతగాళ్లు సంఘం కట్టారు. పనిలో నాణ్యతకు కట్టుబాట్లు రాసుకున్నారు, తర్వాత కలిసి తిండిగింజలు కొని సభ్యులకు అమ్మారు. ఆ తర్వాత ఒక గ్రంథాలయం కూడా పెట్టుకున్నారు. కడుపు నింపే ఆలోచన పుస్తకాల బీరువా దాకా రావడంలో నాకు గొప్ప అర్థం కనిపిస్తుంది. కలిసి కొనడం నేర్చినవాళ్లకు కలిసి చదవాలని కూడా అనిపించింది.

సహకార సంఘం నూలునిస్తుంది, ధరనిస్తుంది, అప్పుకు ఆసరా ఇస్తుంది. అవి పడుగూ పేకా. వాటిని నేను తక్కువ చెయ్యను. ఆకలితో ఉన్నవాడికి కలివిడితనం గురించి చెప్పడం పాపం. ఇంకో సంగతి కూడా చూశాను. లెక్కలు సరిగ్గా ఉండి, సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకోని సంఘం మొదటి ఒరిపిడికే పోగు తెగినట్టు తెగుతుంది. సంతకాలున్నంత మాత్రాన సంఘం కాదు. పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలున్నప్పుడే నష్టం వచ్చిన ఏడు కూడా అది నిలుస్తుంది.

ఆ వీధిని బంగారు లోకంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ సంతోషానికి గోడలుండేవి. వీధులు కులాలవారీగా ఉండేవి, ముయ్యి ఆ గడప దాటేది కాదు. మగ్గం మీద కూర్చున్న మామ నేతగాడు. ఆయనకు రోజంతా కండెలు అందించిన అవ్వకు పేరు లేదు. 2019–20లో జరిగిన నాలుగో జాతీయ చేనేత గణన దేశంలో 35 లక్షల మందికి పైగా ఈ పనిలో ఉన్నారని చెప్పింది. వాళ్లలో ఎనిమిదిన్నర లక్షల మంది దాకా అనుబంధ పనులవాళ్లు. అంటే దారం చుట్టేవాళ్లు, పడుగు తీసేవాళ్లు, గంజి పట్టించేవాళ్లు. ఆ అంకె చూసినప్పుడు మా అవ్వ చివరికి ఒక లెక్కలోకి వచ్చిందనిపించింది. అప్పటికి ఆమె లేదు.

మామ పిల్లలు మగ్గం ఎక్కలేదు. ఒకడు కువైట్ పోయాడు, ఒకడు మా మంగంపేటలోనే లారీ నడిపాడు. మరమగ్గం ఒక్కరోజులో నేసేది చేతిమగ్గం ఎన్నో రోజులు నెయ్యాలి. ఆ పోటీలో ఓడిపోయినవాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. పుల్లంపేటలో, సిద్ధవటం దగ్గరి మాధవరంలో ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి. వీధి మీద పడుగు చాపే పొద్దులు మాత్రం తగ్గిపోయాయి.

గంజి జాడ మళ్లీ నాకు మంగంపేటలోనే దొరికింది. మా ఇంటి వెనక సందులో ఒక వసారాలో చెక్క చట్రం మీద జాకెట్టు గుడ్డ బిగించి నలుగురు ఆడవాళ్లు మగ్గం వర్క్ చేస్తారు. ఒకరు గనిలో పనిచేసే ఆయన భార్య. ఒకామె కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చింది. కులాలు వేరు, వీధులు వేరు. అవ్వ కాలంలో అయితే ఈ నలుగురూ ఒక చట్రం చుట్టూ కూర్చునేవాళ్లు కాదు. ఒక్కొక్కరిది ఒక్కో పక్క. ఒకరు బరువంతా మోపితే గుడ్డ అందరి దగ్గరా వదులవుతుంది. అందుకే చూపు సూదిమీదున్నా నలుగురూ మిగతా ముగ్గురి మోచేతుల బరువు గమనిస్తూ ఉంటారు. పూసలు లెక్కపెడుతూనే పాట పాడుతారు. లెక్క తప్పితే నవ్వి మళ్లీ మొదలుపెడతారు. ఒక సాయంత్రం ఆ కువైట్ ఆమె అంది: "అక్కడా చేతినిండా పనే, అన్నా. మాట్లాడే మనిషి లేక చేతులు బరువెక్కేటివి." నాకు అవ్వ చెప్పింది మళ్లీ వినిపించింది.

పని ఒకటే, బరువు వేరు. ముగ్గురాయి బరువు మారదు, దాన్ని ఎవరెత్తినా అంతే. మనుషుల పని బరువు పక్కన ఎవరున్నారన్నదాన్నిబట్టి మారుతుంది. నా చింతనంతా చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. చేతిపనుల్ని కాపాడుకోవాలంటే కొనుగోలు ఒక్కటే చాలదు. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుని ఒక చీర కొనడం మంచిదే. ఆ చీర వెనకున్న కూర్చోవడాన్ని, కలిసి కూర్చోవడాన్ని కూడా బతికించుకోవాలి. బడిలో, మహిళా సంఘంలో, గుడి అరుగు మీద, ఎక్కడైనా సరే. నేత కాకపోతే కుట్టు, కుట్టు కాకపోతే అల్లిక.

నేత ఇళ్లలో ఒక పద్ధతుంది. చీర పూర్తయ్యాక పాత పడుగును మగ్గంనుంచి పూర్తిగా తీసెయ్యరు. అచ్చులో దాని కొసలు జానెడు వదిలేస్తారు. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని పాత పోగు కొసకు కొత్త పోగును చేర్చి, ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. అన్నీ అతికాక మెల్లగా లాగితే కొత్త పడుగు పాత పడుగు వెంట నడిచి, తన దారిలో తాను అచ్చులోకి వచ్చేస్తుంది. ఆ కొస జారిపోతే మూడు నాలుగు వేల కళ్లలోంచి ఒక్కో పోగూ మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి.

మీ ఇంట్లో, మీ వీధిలో రాట్నం తిప్పిన చెయ్యి, కుట్టు నేర్చిన చెయ్యి ఇంకా ఉంటే ఈ వారమే పోయి దాని పక్కన కూర్చోండి. కొస అచ్చులో ఉండగానే అతకాలి.