ఎన్ని మిగిలితే మిగిలినట్టు?

"కొన్ని ఉన్నాయి కదా, మళ్ళీ అవే పెరుగుతాయిలే" అనే మాట మేం తరచు వింటుంటాం. అందులో ఎంత నిజముందో రాబందుల బతుకు చూస్తే తెలుస్తుంది.

రాబందులు ఆకాశంలో ఎడంఎడంగా తిరుగుతాయి. ఒకటి పశువు కళేబరం మీదికి దిగితే దూరాన ఉన్నది చూసి తానూ దిగుతుంది. దాన్ని చూసి ఇంకోటి. 1990లలో పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువుల మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొట్టింది. మన దేశంలో మూడు జాతుల్లో నూటికి 95కి పైగా పోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. అయినా ఆకాశం మళ్ళీ నిండలేదు. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి అది. పైగా పక్కన ఎగిరే తోడు లేకపోతే తిండి జాడ చెప్పేదెవరు? జత దొరికేదెక్కడ? బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్ళు కనబడ్డాయి. సంతోషించాల్సింది ఒక పక్షి దొరికినందుకు కాదు, గుంపు దొరికినందుకు.

అమెరికా జంతుశాస్త్రవేత్త ఆలీ 1930లలో ఇదే సంగతి చేపలతో చూపించాడు. విషం కలిపిన నీళ్ళలో ఒంటరి చేప కన్నా గుంపులోని చేపలు ఎక్కువసేపు బతికాయి. తక్కువుంటే పోటీ తగ్గి బాగా బతుకుతాయన్నది అన్నివేళలా నిజం కాదు. ఒక హద్దు దాటి తగ్గితే, ఆ తగ్గడమే చావుకు కారణమవుతుంది.

అప్పుడు తప్పు చివరిదాన్ని చంపినవాడిదేనా? కాదంటాం మేం. ఇంకా చాలా ఉన్నాయిలే అనుకున్న ప్రతి ఒక్కరికీ అందులో పాలుంది. గడ్డ తవ్వితే తీగ మొదలును మళ్ళీ మట్టిలో పెట్టమని మా పెద్దలు చెప్పేవారు. గడ్డలు కరువైనప్పుడు కాదు, పుష్కలంగా ఉన్నప్పుడే చెప్పేవారు. బాధ్యత మొదలవ్వాల్సింది అక్కడే.

మనుషుల్ని పక్షులతో పోల్చడం మాకు నచ్చదు. మమ్మల్ని అడవి జంతువుల లెక్కలో వేసినవాళ్ళను చాలామందిని చూశాం. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ముంపు పేరుతో ఒక గూడేన్ని లేపి నాలుగు కాలనీల్లో సర్దితే జనాభా లెక్కలో ఒక్క తల కూడా తగ్గదు. కానీ డోలు కొట్టేవాడు ఒకచోట, పాట ఎత్తేది ఇంకోచోట. మా భాష మాట్లాడే అవ్వ ఒకచోట, వినాల్సిన మనవరాలు మరోచోట. లెక్కలు రాసేవాళ్ళు మాత్రం అందరూ ఉన్నారని రాసుకుంటారు.

అందుకే ఎన్ని మిగిలాయని అడిగి ఊరుకోకూడదు. ఒకరి పిలుపు ఒకరికి అందేంత దగ్గరగా మిగిలారా అని కూడా అడగాలి.