ఫలం మసకగా కనపడాలి

మా షూటింగ్ రేంజ్‌కి పిల్లల్ని మొదటిసారి తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఒకే కథ చెప్పి లోపలికి పంపుతారు. ద్రోణుడు చెట్టు మీద బొమ్మ పిట్టను పెట్టించాడు. ధర్మరాజుకి చెట్టూ, తమ్ముళ్ళూ, గురువుగారూ అందరూ కనపడ్డారు. అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనపడింది. వ్యాసుడి పాఠంలో అర్జునుడు చూసింది పిట్ట తలనే గానీ, మన ఇళ్ళలో అది కన్నుగా స్థిరపడిపోయింది. "అర్జునుడిలా చూడు నాన్నా, టార్గెట్ తప్ప ఇంకేదీ కనపడకూడదు" అని భుజం తట్టి వెళ్తారు. వాళ్ళు వెళ్ళాక నేను చెప్పే మొదటి పాఠం దానికి సరిగ్గా ఎదురు: "టార్గెట్ వైపు చూడకు."

నేను హైదరాబాద్‌లో పిల్లలకు ఎయిర్ పిస్టల్ నేర్పిస్తాను. ఆదివారం సాయంత్రాలు మా కాలనీ గుడిలో గీతా ప్రవచనానికి వెళ్తాను. ఈ రెండు చోట్లా నన్ను వదలని ప్రశ్న ఒకటే. పని చేసేటప్పుడు మనసు ఫలం మీద ఉండాలా, పని మీద ఉండాలా? ఫలాపేక్ష వద్దంటే, అసలు ఫలమే కనపడనివాడి చెయ్యి ఎటు తిరగాలి? పండితులు దీనికి ఎన్నో రకాలుగా సమాధానం చెప్పారు. నాకు తెలిసిన సమాధానం మాత్రం పిస్టల్ నేర్పింది.

పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌ని ఒంటిచేత్తో నిలబడి కాల్చాలి. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. టార్గెట్ నడుమ పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తం అంత. దాని చుట్టూ ఉన్న నల్లటి వృత్తం వ్యాసం 59.5 మిల్లీమీటర్లు. పిస్టల్ మీద కంటివైపు గాడి ఉన్న రియర్ సైట్, కొసన నిలువుగా ఫ్రంట్ సైట్ ఉంటాయి. ఫ్రంట్ సైట్ గాడి నడుమ నిలవాలి, దానికి రెండు పక్కలా వెలుగు సమానంగా కనపడాలి, రెండు సైట్ల పై అంచులు ఒకే గీతలో ఉండాలి. మనిషి కన్ను ఒకేసారి రెండు దూరాల్ని తేటగా చూడలేదు. చాచిన చేతి చివర ఉన్న ఫ్రంట్ సైట్ తేటపడితే అవతలి నలుపు మసకబారుతుంది. నలుపు తేటపడితే సైట్ మసకబారుతుంది. రెండిట్లో ఒకటి వదులుకోక తప్పదు.

ఏది వదులుకోవాలో లెక్క చెబుతుంది. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. ఫ్రంట్ సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి ఒరిగితే, టార్గెట్ దగ్గరికి వెళ్ళేసరికి ఆ తేడా 30 మిల్లీమీటర్లు దాటిపోతుంది. పది రావలసింది ఏడు అంచుకో ఆరుకో జారుతుంది. అదే సైట్లు రెండూ చక్కగా కుదిరి ఉండి, చెయ్యి మొత్తం ఏడెనిమిది మిల్లీమీటర్లు పక్కకి తూగినా పెల్లెట్ అంచు పది గీతను తాకుతుంది. గీతను తాకితే పదే ఇస్తారు. దూరాన భయపెట్టే ఊగిసలాట వల్ల పోయేది తక్కువ. చేతి కొసన చూసుకోకుండా వదిలేసిన వెంట్రుకవాసి వల్ల పోయేది ఎక్కువ. పైగా చాలామంది పిస్టల్ షూటర్లు అసలు పది మీద గురిపెట్టనే పెట్టరు. నలుపుకి కింద ఉన్న తెల్లటి భాగంలో సైట్లను నిలుపుతారు. పెల్లెట్ మధ్యకి చేరేలా సైట్లను ముందే సరిచేసి పెట్టుకుంటారు.

ద్రౌపదీ స్వయంవరం గురించి జనం చెప్పుకునే కథలో అర్జునుడు పైనున్న చేపను చూడడు, కిందనున్న నీళ్ళను చూస్తాడు. పిట్ట కన్ను కథతో పాటు ఈ కథ కూడా పిల్లలకు చెప్పమని తల్లిదండ్రులను అడుగుతుంటాను.

ఇక కన్ను. రెండు కళ్ళూ రెండు బొమ్మలు చూపిస్తాయి, గురిపెట్టేటప్పుడు మెదడు ఒకదాని మాటకే మొగ్గుతుంది. ఆ కంటిని మాస్టర్ ఐ అంటాం. కొత్త పిల్లల్ని రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి గోడ గడియారాన్ని చూడమంటాను. తర్వాత ఒక్కో కన్నూ మూయమంటాను. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో అదే మాస్టర్ ఐ. ఇలాంటి పరీక్ష గురించి ఇటలీ పండితుడు జాంబాట్టిస్టా డెల్లా పోర్టా 1593లోనే రాశాడు. సుమారు మూడింట రెండు వంతుల మందికి కుడి కన్నుదే పెత్తనం. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళందరికీ కుడి కన్నే మాస్టర్ కావాలని లేదు. చూపు ఎక్కువ పదునుగా ఉన్న కన్నే మాస్టర్ కావాలనీ లేదు.

కిందటేడు ఒక పదమూడేళ్ళ అమ్మాయి చేరింది. కుడిచేతి వాటం, మాస్టర్ మాత్రం ఎడమ కన్ను. పిస్టల్ ఎత్తగానే మెడ దానంతటదే భుజం మీదికి వాలిపోయేది, దవడ బిగుసుకునేది. వాళ్ళ నాన్నగారు పక్కకి పిలిచి, "కుడి కన్నే అలవాటు చేయించండి మేడమ్, పట్టుబట్టి సాధన చేస్తే ఎందుకు రాదు?" అన్నారు. బిడ్డ మీద ప్రేమతోనే అన్నారు. "వస్తుందండీ. కానీ కాల్చిన ప్రతిసారీ తనతో తనే పోట్లాడాలి. మ్యాచ్‌లో అరవై షాట్లు ఉంటాయి" అన్నాను. పాదాల కోణం కొంచెం మార్చాం. మెడ వంచకుండా ముఖాన్ని కాస్త కుడికి తిప్పి, ఎడమ కంటిని సైట్ల గీతలోకి తెచ్చాం. వారం తిరిగేసరికి ఆ పిల్ల దవడలో బిగువు పోయింది.

స్వధర్మం గురించి ప్రవచనంలో వచ్చినప్పుడల్లా నాకు ఆ దవడ గుర్తొస్తుంది. స్వభావమంటే మనం కోరుకున్నది కాదు, మన ఇంట్లోవాళ్ళు మెచ్చుకునేది కాదు. నెమ్మదిగా పరీక్షిస్తే బయటపడేది. దాన్ని తెలుసుకుని దానికి తగ్గట్టు నిలబడడం ఓటమి కాదు. పరాయి స్వభావాన్ని తెచ్చిపెట్టుకున్నవాడి బలమంతా దాన్ని మోయడానికే సరిపోతుంది, పనికి మిగలదు.

మరి రెండో కన్నును ఏం చేయాలి? పిల్లలు ఎవరూ చెప్పకపోయినా గట్టిగా మూసేస్తారు. మూస్తే కనుబొమ్మా చెంపా బిగుస్తాయి, ఆ బిగువు తెరిచిన కంటికీ పాకుతుంది. లోపలికి వెళ్ళే మొత్తం వెలుగు తగ్గడంతో తెరిచిన కంటిపాప కూడా కొంచెం విచ్చుకుంటుంది, అప్పుడు ఫ్రంట్ సైట్ అంచు పదును తగ్గుతుంది. అందుకే కళ్ళజోడుకి ముందు వెలుగు పారే తెల్లటి పలచని ముక్క ఒకటి తగిలిస్తాం. దాన్ని బ్లైండర్ అంటారు. నియమాల ప్రకారం దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకూడదు. దాని వెనక కన్ను తెరిచే ఉంటుంది, వెలుగు తగులుతూనే ఉంటుంది, పోటీకి మాత్రం రాదు. పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ దికేచ్ ఆ ముక్క కూడా లేకుండా రెండు కళ్ళూ తెరిచి కాల్చి, మిక్స్‌డ్ టీమ్‌లో రజతం అందుకున్నాడు.

ఇంద్రియ నిగ్రహం అనగానే మనలో చాలామందికి గట్టిగా మూసిన కన్నే తలపుకొస్తుంది. కానీ ఇంద్రియాలను పైకి బిగబట్టి, లోపల వాటి విషయాలనే తలుచుకునేవాణ్ణి కృష్ణుడు మూడో అధ్యాయంలో మెచ్చుకోలేదు. అణచడం వేరు, సద్దుమణగనివ్వడం వేరు. అణిచిన కన్ను రెండో కంటిని కూడా చెడగొడుతుంది. సద్దుమణిగిన కన్ను దానికి తోడుంటుంది.

మా ఆటలో మరో సాధన ఉంది, షాట్ కాల్ చేయడం. ట్రిగ్గర్ వదిలాక వెంటనే పక్కనున్న స్కోరు తెర వైపు తిరగకూడదు. ఆ క్షణంలో సైట్లు ఎక్కడున్నాయో గుర్తు చేసుకుని, "తొమ్మిది, కింద ఎడమ" అని ముందు తనే చెప్పాలి. తర్వాతే తెర చూడాలి. చెయ్యి తూగిందని చూసింది కన్ను. ఆ కన్ను అప్పటికే టార్గెట్ వైపు పారిపోయిందా లేదా అన్నది గమనించింది మనసు. ఆ మనసు "ఈసారి పది రావాలి" అని ఉలిక్కిపడిన సంగతి కూడా ఎవరికో తెలిసింది. ఆ తెలిసినవాడు ఎవడు? దృగ్దృశ్య వివేకం అనే చిన్న వేదాంత గ్రంథం చూసేదాన్నీ చూడబడేదాన్నీ ఇలా మెట్టు మెట్టుగా విడదీస్తూ సాక్షి దాకా తీసుకెళ్తుంది. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఆ మాటలు చెప్పను. షాట్ కాల్ చేయమంటాను. ఉలికిపాటుని చూడగలిగినవాడు ఆ ఉలికిపాటుకి లొంగి ట్రిగ్గర్ లాగడు. ఇది నా కళ్ళతో చూస్తున్న సత్యం.

ఇప్పుడు అర్జునుడి దగ్గరికే వద్దాం. పిట్ట పరీక్షతో ఆయన చదువు పూర్తయిందని అందరూ అనుకుంటారు. కాలేదు. పిట్ట కన్ను తప్ప మరేదీ కనపడని మనిషికే కురుక్షేత్రంలో తాతలూ అన్నదమ్ములూ కనపడ్డారు, ఆ పరీక్ష పెట్టిన ద్రోణుడు సైతం ఎదురుగా నిలబడి కనపడ్డాడు. గాండీవం చేజారింది. మిగతావన్నీ మరిచి ఒకదాన్నే చూసే నేర్పు బొమ్మ పిట్టకి సరిపోయింది, ప్రాణమున్న చోట సరిపోలేదు. అప్పుడు కృష్ణుడు ఆయన కళ్ళు మూయించలేదు, అవతల ఎవరూ లేరు అనుకోమనలేదు. అందర్నీ చూస్తూనే, చూపు ఆనవలసిన చోటు మార్చాడు. గెలుపూ ఓటమీ అక్కడే ఉంటాయి, నీ అధికారం నీ చేతిలో పని వరకే అన్నాడు. నేను నేర్పే పాఠం దీనికి ప్రతిబింబమే. నలుపు అక్కడే ఉంటుంది. తేటగా కనపడవలసింది మాత్రం చేతి చివర.

ఫలాన్ని పూర్తిగా చెరిపేయడమే నిష్కామం అనుకునేవాళ్ళకు నేను చెప్పే ఉదాహరణ మాథ్యూ ఎమన్స్. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్ ఫైనల్. ఆఖరి షాట్ దాకా ఈ అమెరికన్ షూటరే ముందున్నాడు. ఆ షాట్ కాల్చాడు, కానీ పక్కవాళ్ళ టార్గెట్ మీద. దానికి సున్నా వచ్చింది, స్వర్ణం చేజారి ఎనిమిదో స్థానం మిగిలింది. తన లేన్ ఏదో చూసుకోని ఏకాగ్రత ఎంత గొప్పదైనా దారి తప్పుతుంది. కనుక ఫలం ఉండాలి, ఏది నాదో ముందే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక దాన్ని మసకగా ఉండనివ్వాలి.

మన షూటర్ మను భాకర్ టోక్యో ఒలింపిక్స్‌లో పిస్టల్ మొరాయించి వెనకబడింది. మూడేళ్ళ తర్వాత, 2024 జులై 28న పారిస్‌లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచింది. గీత చదువుతుంటాననీ, ఫలితాన్ని పక్కనపెట్టి తన పని తాను చేయడమే ఆ ఆఖరి క్షణాల్లో మనసులో ఉందనీ చెప్పింది. ఆ మాట విని మా పిల్లలు అడిగారు: "అంటే మెడల్ కావాలని అనుకోకూడదా మేడమ్?"

అనుకోవాలి. మ్యాచ్ ముందు రోజు అమ్మతో గుడికి వెళ్ళి మొక్కుకోవడంలో కూడా తప్పు లేదు. మొక్కు మన లేన్ నంబరు చూసుకోవడం లాంటిదేనని నా నమ్మకం. నాకు ఏం కావాలో, ఎందుకు కావాలో దేవుడి ఎదుట నిజాయితీగా ఒప్పుకోవడం అది. కానీ మొక్కుకున్నాక కూడా గంటకోసారి ఆ కోరికనే తడిమి చూసుకుంటే, దేవుణ్ణీ నమ్మనట్టే, చేతిలో పనినీ నమ్మనట్టే. ఆశపడడం పాపమని నేను ఏ పిల్లకీ చెప్పను, ఎందుకంటే ఆశ లేనివాళ్ళు చలికాలం పొద్దున్నే లేచి రేంజ్‌కి రారు. ఆశను దాని దూరంలో ఉంచమంటాను. డెబ్భై అయిదు నిమిషాల మ్యాచ్‌లోనైనా, ఇంటర్ పరీక్షలోనైనా, జబ్బుపడ్డ తండ్రికి చేసే సేవలోనైనా, ఫలం మన దిక్కు చెప్పాలి, చూపు మాత్రం చేతిలో పనిదే కావాలి. గీత అడిగేది అంతకన్నా తక్కువ కాదు, ఎక్కువా కాదు.