చేయి చాచుట చిన్నతనము కాదు



వానలు ముఖము చాటువేసిన యేట కర్నూలు, కడప మెట్టపొలములలో వేరుసెనగ యెండును. పట్నమున చదువుకొను బిడ్డ మనస్సును ఎండును. రుసుము కట్టలేక తరగతికి పోడు, ఇంట చెప్పడు, తినడు, నిద్రింపడు. దీనిని సోమరితనమనకుడు. దినములు గడచినను తగ్గనిచో అది వ్యాధి కావచ్చును, వైద్యమున నయము కాగలదు.

12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు కాయకముతోపాటు దాసోహమును బోధించెను. దాసోహమున ఇచ్చువానికి గర్వము తగదు, పుచ్చుకొనువానికి సిగ్గు వలదు.

నాయనా! నేడు చదువే నీ కాయకము. అది కుంటువడినచో గురువులతో చెప్పుము. మనస్సు చీకటియైనచో 2022లో నెలకొనిన టెలీ మానస్ 14416కు ఫోను చేయుము. రుసుము లేదు, తెలుగున మాటాడుదురు.

పెద్దలారా! మార్కులడుగుటకు ముందు "అన్నము తింటివా నాయనా?" అని అడుగుడు. అదియే తొలి దాసోహము.